చక్రం మీద ఎర్ర టేపు

శుక్రవారం నమాజు అయిపోయి ఒమాన్‌లోని సీబ్ రోడ్ల మీద కార్లు మళ్లీ కదిలే వేళకు, నర్సింగ్ తువ్వాలులో చుట్టిన రెండు సామాన్లు తెచ్చి భూమేశ్ మంచం మీద పెట్టాడు. నర్సింగ్ కంపెనీ పికప్ నడుపుతాడు. దుకాణాల్లో అమ్మనివ్వని వస్తువేదైనా కావలసి వస్తే క్యాంపులో అందరికీ గుర్తొచ్చే మనిషి అతనే. ఎక్కడినుంచి తెస్తావురా అని అడిగితే, "అన్నా, నన్ను బతకనియ్యి" అని చేతులు జోడిస్తాడు.

రెండూ వేప్‌లే. లోపల సన్నటి తీగచుట్ట, దాన్ని అంటుకుని దూది, ఆ దూదిని తడిపే చిక్కటి రసం. బటన్ నొక్కితే తీగ వేడెక్కి రసం ఆవిరవుతుంది, ఆ ఆవిరిని పీల్చుకోవాలి. వెండి రంగు దానికి అడుగున తిప్పే చక్రం, దాని మీద వోల్టుల అంకెలు ఉన్నాయి. నల్లదానికి వేలిగోరంత అద్దం, అందులో వాట్‌ల అంకె వెలుగుతోంది.

"తెల్లదాంట్ల వోల్టు మార్చుకునుడు. నల్లదాంట్ల వాటు మార్చుకునుడు. ఏదో ఒకటి వెట్టుకో. ఇంకోటి సోమారం వాపస్ ఇయ్యాలె నేను" అన్నాడు నర్సింగ్.

ఏమీ తెలియని మనిషైతే చేతికి దగ్గరగా ఉన్నది తీసుకుని నిశ్చింతగా పడుకునేవాడు. భూమేశ్‌కి ఆ అదృష్టం లేదు. పంతొమ్మిదేళ్లుగా ఒమాన్‌లో ఎలక్ట్రీషియన్. వోల్టు, వాటు అన్న మాటలు చెవిన పడితే చాలు, ఎంత అలసిపోయి ఉన్నా లేచి కూర్చుంటాడు. ఆ రోజు నిజంగానే అలసిపోయి ఉన్నాడు. వారమంతా ఎండలో విల్లాల కప్పుల మీద పైపులు పరిచి, దొరికిన ఒక్క సెలవు రోజున ఈ పంచాయితీ.

పంచాయితీ తనకోసం కాదు, బావ కోసం. ఇస్తారి, భూమేశ్ అక్క చిన్నవ్వకు మొగుడు. యాభై ఒకటి నిండాయి. కట్టే ప్రతి మేడకూ ముందు ఇనప గొట్టాల పరంజా ఎక్కి నిలబెట్టేవాడు. పదకొండేళ్లుగా బావా బామ్మర్దులు ఒకే రూమ్‌లో ఉంటున్నారు. వంట ఇస్తారిది, గిన్నెలు భూమేశ్‌వి. మాటలు తక్కువ. పొద్దున అలారం కన్నా ముందు ఇస్తారి దగ్గుకే భూమేశ్‌కి మెలకువ వచ్చేది. దానికీ అలవాటు పడ్డాడు.

ఆ దగ్గు ఇప్పుడు మెడకు చుట్టుకుంది. సీబ్ పని అయిపోవచ్చింది. కంపెనీ మనుషుల్ని సలాలా సైట్‌కు తరలిస్తోంది. ఎత్తు మీద పనిచేసేవాళ్లు క్లినిక్‌లో ఊపిరి బలం కొలిచే గొట్టం ఊది, హైట్ పాస్ తెచ్చుకుంటేనే సలాలా బస్సు ఎక్కుతారు. లేకపోతే వీసా క్యాన్సిల్, ఇంటికి టికెట్. ఇస్తారి మొదటిసారి ఊదినప్పుడే అంకె చాల్లేదు. నర్సు సౌభాగ్యమ్మ నరసాపురం వైపు మనిషి, ఎవరినీ ఊరికే వదిలిపెట్టదు.

"రోజుకెన్ని కాలుస్తారండీ?" అని అడిగింది.

"ఇరవై... ముప్పై" అన్నాడు ఇస్తారి, ఎవరి సంగతో చెప్తున్నట్టు.

"ఆరు వారాలు టైమిస్తానండీ. బీడీలు మానేసి రండి. దాని బదులు ఇంకోటి పట్టుకోకండి. అన్నీ ఒకటే."

ఆ చివరి మాట బావా వినలేదు, బామ్మర్దీ వినలేదు. ముప్పై ఏళ్ల బీడీ ఒట్టి చేతులతో పోతుందా? ఇస్తారి రెండు రోజులు మానాడు. మూడో రోజు పరంజా మీద చేతులు వణికాయి. భూమేశ్ అది కిందనుంచి చూశాడు. అందుకే నర్సింగ్‌ని పట్టుకున్నాడు.

ఇందులో అందరికన్నా చిత్రమైన పాత్ర చిన్నవ్వది. పన్నెండో ఏట ఒళ్లోకి బీడీల చాట వచ్చినప్పటినుంచి ఇవాళ్టిదాకా ఆమె చుట్టినన్ని బీడీలు ఆ మండలంలో ఇంకెవరూ చుట్టి ఉండరు. తునికాకు కత్తిరించడం, తంబాకు పోసి చుట్టడం, ఎర్రదారం కట్టడం, సాయంత్రం కార్ఖానాలో లెక్క అప్పజెప్పడం. కార్ఖానావాళ్లు వంక పెట్టి పక్కకు తోసినవి కట్టలు కట్టి, ఒమాన్ వచ్చే ప్రతి మనిషి సంచీలోనూ మొగుడికోసం పెట్టి పంపేది. ఆయన తాగేది పెళ్లాం చేతి బీడీయే. అలాంటి మనిషి మొన్న తమ్ముడికి ఫోన్ చేసింది.

"తమ్మీ, ఫోన్ల మీ బావ దగ్గు ఇన్నకాడికెల్లి నాకు నిద్రవడ్తలేదు. ఇగ నేను బీడీలు పంపుతలేను. బీడీ మానిపియ్యి. నీకే అప్పజెప్తున్న."

అప్పజెప్పింది కాబట్టి భూమేశ్ రెండు వేప్‌లనూ చేతిలోకి తీసుకుని తూకం వేసినట్టు చూశాడు. నల్లది ఎలా పనిచేస్తుందో నర్సింగ్ తనకు తెలిసినంత చెప్పాడు. ఇన్ని వాట్‌లు అని పెడితే చాలు. తీగచుట్ట మారినా, దాన్ని తనే కనిపెట్టి, వోల్టేజీ తనే పెంచుకుంటుంది, తనే దించుకుంటుంది. వేడి మాత్రం మారదు.

భూమేశ్ మొహం చిట్లించాడు. చెప్పకుండా, అడగకుండా లోపల్లోపల వోల్టేజీ మార్చుకునే సామానును ఏ ఎలక్ట్రీషియన్ నమ్ముతాడు? వోల్టేజీ అంటే మనిషి చేతిలో ఉండాలి. పెట్టినచోట నిలబడాలి.

"తెల్లదే" అన్నాడు. "వోల్టుదే ఇయ్యి. నల్లది వాపస్ తీస్కపో."

ఇస్తారి పక్క మంచం మీద కూర్చుని ఉల్లిగడ్డలు కోస్తున్నాడు. ఏది ఎంచారో కూడా అడగలేదు. కరెంటు సంగతి బామ్మర్ది చూసుకుంటాడు, కూర సంగతి తను చూసుకుంటాడు.

భూమేశ్ మీటరు తీసి తీగచుట్ట కరెంటుకు ఎంత అడ్డుపడుతుందో కొలిచాడు. ఒకటిన్నర ఓములకు కాస్త పైన. చక్రం మూడు పాయింట్ ఎనిమిది వోల్టుల దగ్గర పెడితే తొమ్మిది వాట్‌లు. గొంతుకు మెత్తగా తగులుతుంది. రెండు దమ్ములు తనే లాగి చూశాడు. ఇస్తారికి ఇచ్చాడు. ఇస్తారి ఆవిరి వదిలి, కాసేపు ఆలోచించి, "అగరుబత్తి తాగినట్టున్నది" అన్నాడు. అయినా తాగాడు.

రెండో రోజు సైట్‌లో ఎవడో మాటలు చెప్పి చక్రాన్ని చివరిదాకా తిప్పించాడు. ఇస్తారి దగ్గి దగ్గి కూలబడ్డాడు. భూమేశ్ చక్రాన్ని మళ్లీ మూడు పాయింట్ ఎనిమిదికి తెచ్చి, పనిముట్ల సంచీలోంచి ఎర్ర టేపు తీసి దాని చుట్టూ మూడు చుట్లు చుట్టాడు.

"ఇగ దీన్ని ఎవ్వలు ముట్టద్దు. నువ్వు సుత" అన్నాడు.

ఇస్తారి తలూపాడు. ఆ ఎర్ర టేపు అంటే ఏమిటో ఆయనకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. సైట్‌లో కరెంటు ఆపి పనిచేసే మనిషి స్విచ్ మీద తన టేపు చుట్టి వెళ్తాడు. చుట్టినవాడు తప్ప ఇంకొకడు దాన్ని విప్పకూడదు. ఎనిమిదేళ్ల కిందట ఒకడు, ఫ్యాను తిరగడం లేదని, భూమేశ్ చుట్టిన టేపు పీకి స్విచ్ వేశాడు. పైన తీగ పట్టుకుని ఉన్న భూమేశ్ అలాగే అతుక్కుపోయాడు. పరంజా మీంచి చెక్కపలకతో కొట్టి విడిపించిందీ, భుజాన వేసుకుని నాలుగు అంతస్తులు దిగిందీ ఇస్తారే. ఆ రోజునుంచి ఎక్కడ ఎర్ర టేపు కనిపించినా ఇస్తారి పక్కనుంచి తప్పుకుని నడిచేవాడు.

నాలుగు వారాలు బాగా గడిచాయి. పొద్దుటి దగ్గు పలచబడింది. ఒకరోజు అలారం మోగాక గానీ భూమేశ్‌కి మెలకువ రాలేదు. లేచి కంగారుగా పక్క మంచం చూశాడు. ఇస్తారి నోరు తెరుచుకుని హాయిగా నిద్రపోతున్నాడు. ఆ పూట భూమేశ్‌కి ఎందుకో కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆలస్యమైందని బస్సులో ఫోర్‌మన్ తిట్టిన తిట్లు ఒక్కటీ చెవికెక్కలేదు.

అప్పుడే కంపెనీ భూమేశ్‌ని ఖబూరాకు తోలింది. అక్కడ ఒక బడికి కొత్త వైరింగ్, పన్నెండు రోజుల పని. సముద్రపు గాలి, చేపల వాసన, పడుకోవడానికి బడి వరండా. రోజూ సాయంత్రం బావకు ఫోన్ చేసేవాడు.

"ఎట్లున్నది?"

"మంచిగనే ఉన్నది."

"తాగుతున్నవా?"

"నువ్విచ్చిందే తాగుతున్న."

"దమ్ము ఆడుతున్నదా?"

"మంచిగనే ఉన్నది."

ఇస్తారి ఏది అడిగినా మంచిగనే ఉన్నది అంటాడని పదకొండేళ్లు కలిసి బతికిన మనిషికి తెలియాలి. తెలుసు కూడా. కానీ రోజంతా గోడలు తొలిచి, చేతులు మొద్దుబారిన మనిషికి ఆ నాలుగు మాటలే చాలనిపించాయి. అంతకన్నా అడిగే ఓపిక లేకపోయింది. తర్వాత చాలాసార్లు తనను తాను తిట్టుకున్నది ఇందుకే.

ఆదివారం సాయంత్రం తిరిగొచ్చి రూమ్ తలుపు తోశాడో లేదో లోపల్నుంచి దగ్గు వినిపించింది. పాత దగ్గు. కాదు, పాతదానికన్నా లోతుగా, ఎండిపోయి ఉంది. ఇస్తారి పొయ్యి ముందు వంగి ఒక చేత్తో గోడ పట్టుకున్నాడు. భూమేశ్‌ని చూసి నవ్వి, "అన్నం అయింది, కాళ్లు కడుక్కో" అన్నాడు.

భూమేశ్ వెళ్లి కాళ్లు కడుక్కున్నాడు. రేపు పొద్దున్నే ఊదాలి. ఇప్పుడు అడిగి ఏం లాభం?

క్లినిక్‌లో సౌభాగ్యమ్మ గొట్టం అందించింది. "గట్టిగా ఊదండి. ఇంకా, ఇంకా, ఆపకండి, ఇంకొంచెం..."

ఇస్తారి కళ్లు బైటికొచ్చేలా ఊదాడు. మూడుసార్లు ఊదించింది. మూడోసారి మధ్యలోనే దగ్గు తన్నుకొచ్చి గొట్టం చేతిలోంచి జారిపోయింది. ఆమె తెర మీది అంకెను చూసి, పాత కాగితం తీసి పక్కన పెట్టుకుంది.

"పోయినసారి కన్నా తగ్గిందేంటండీ? మానేశానన్నారు కదా?"

"మానిన సిస్టర్."

ఆమె ఇస్తారిని కాక భూమేశ్‌ని చూసింది. కోపంగా చూడలేదు. రోజూ ఇదే చూసీ చూసీ విసిగిన చూపు. "అందరూ అదే చెప్తారండీ. ఏం చేస్తాం, రాయాల్సింది రాస్తాను" అని కాగితం మీద ముద్ర వేసింది. సలాలా జాబితాలో ఇస్తారి పేరు ఇక ఉండదు. బస్సు గురువారం.

రూమ్‌కు వచ్చి భూమేశ్ తలుపు వేశాడు. ఇక ఆగలేకపోయాడు.

"నేను లేని పన్నెండు రోజులే దొరికినయా బావా నీకు?"

"ఏంది?"

"బీడీ తాగినవ్."

"తాగలే."

"సిస్టర్ ముంగట అబద్ధం, నా ముంగట అబద్ధం. అక్కకేం జెప్పాలె నేను?"

ఇస్తారి మంచం అంచున కూర్చుని చేతులు మోకాళ్ల మీద పెట్టుకున్నాడు. ఆ మౌనం భూమేశ్‌కి ఒప్పుకోలులా కనిపించింది. కోపం కన్నా ముందు భయం ముంచుకొచ్చింది. గురువారం తర్వాత తను సలాలాలో, ఏదో ఒక రూమ్‌లో, దగ్గు వినపడని పొద్దున లేవాలి. ఆ భయమంతా చేతుల్లోకి వచ్చి, బావ తలకింద పెట్టుకునే మెత్తను లాగి పక్కకు విసిరాడు. దాని కింద ప్లాస్టిక్ కవరు, అందులో బీడీకట్ట.

"ఇదేంది మరి?"

"చూడు" అన్నాడు ఇస్తారి, మెల్లగా.

భూమేశ్ కవరు విప్పాడు. చిన్నవ్వ పంపిన ఆఖరి కట్ట. ఇరవై ఐదుకు ఇరవై ఐదూ ఉన్నాయి. కట్టకు వేసిన ముడి ఆమె వేసినట్టే ఉంది. ఎవరూ విప్పలేదు.

"వాసన చూసేటోన్ని, గంతే" అన్నాడు ఇస్తారి. సిగ్గుపడ్డాడు కూడా.

భూమేశ్ కట్టను జాగ్రత్తగా మెత్త కింద మళ్లీ పెట్టాడు. ఏం చేయాలో తోచక, బల్ల మీదున్న వేప్ తీసుకుని ఒక దమ్ము లాగాడు.

గొంతులో గుడ్డ కాలినట్టయింది. కళ్లమ్మట నీళ్లొచ్చాయి. దగ్గు ఆగడానికి చాలాసేపు పట్టింది. ఇస్తారి లేచి చెంబుతో నీళ్లిచ్చాడు, వీపు నిమిరాడు.

"ఇది... ఎప్పటికెల్లి ఇట్లున్నది?"

"నువ్వు పోయిన తెల్లారి పాత తీగ ఖరాబైంది. నర్సింగ్ కొత్తది తెచ్చిండు. నేనే బిగించుకున్న."

భూమేశ్ పైభాగం విప్పి తీగచుట్ట బయటికి తీశాడు. దూది నల్లగా మాడి ఉంది. దాని అంచున అంకె ఉంది. సున్నా పాయింట్ ఎనిమిది. పాతదానికి సగం. లెక్క వేయడానికి కాగితం అక్కర్లేదు. అవే మూడు పాయింట్ ఎనిమిది వోల్టులు, సగం ఓములు, అంటే అడ్డు సగం, వేడి రెట్టింపు. తొమ్మిది వాట్‌లు ఉండాల్సిన చోట పద్దెనిమిది. తడి ఆరి మాడిన దూది పొగను పదకొండు రోజులుగా బావ పీలుస్తున్నాడు.

"ఇట్ల మాడుతుంటె ఫోన్ల చెప్పద్దా బావా?"

"కొత్తది గట్లనే ఉంటదనుకున్న. నువ్వు డ్యూటీల ఉంటివి."

"చక్రం కొంచెం దించితే అయిపోతుండె గదా."

ఇస్తారి ఆశ్చర్యంగా చూశాడు. ఇంత తెలివైనవాడు ఇదేం ప్రశ్న అన్నట్టు.

"నీ టేప్ ఉండె గదా" అన్నాడు.

భూమేశ్ వేప్‌ను వెలుతురులోకి తిప్పి చూశాడు. ఎర్ర టేపు మూడు చుట్లూ అలాగే ఉన్నాయి. అంచులు మసిబారాయి గానీ ఎక్కడా లేవలేదు. గొంతు మాడుతున్నా, ఛాతీ పట్టేస్తున్నా, పదకొండు రోజులు ఈ మనిషి ఆ టేపు జోలికి పోలేదు. ఆ నల్లదైతే కొత్త తీగను చూడగానే ఎవరినీ అడగకుండా వోల్టేజీ దించుకునేది. అడగకుండా మార్చుకుంటుందనే కదా దాన్ని తిప్పి పంపాడు. వోల్టేజీ పెట్టినచోట నిలబడాలన్నాడు, నిలబడింది. బావను ముట్టవద్దన్నాడు, ముట్టలేదు. భూమేశ్ మంచం మీద కూలబడి రెండు చేతుల్లో మొహం పెట్టుకున్నాడు. ఇంత అలసట అతనికి ఏ ఎండలోనూ రాలేదు.

"ఇగ ఊకో" అన్నాడు ఇస్తారి. "నా పానం పోయిందా ఏంది?"

సాయంత్రం నాలుగు దాటాక చిన్నవ్వ దగ్గర్నుంచి ఫోన్ వచ్చింది. అక్కడ పొద్దుగూకే వేళ. భూమేశ్ ఎత్తబోతుంటే ఇస్తారి చేయి పట్టుకున్నాడు.

"నేనే బీడీ తాగిన్నని చెప్పు. తమ్ముడు తెచ్చిన మిషిన్‌తోని ఇట్లయిందని తెలిస్తె నీ మీద మనసు విరుగుతది. నా మీద అయితె రెండు రోజులు తిట్టి ఊకుంటది."

భూమేశ్ ఫోన్ ఎత్తాడు. అవతల కత్తెర చప్పుడు. మాట్లాడుతూనే ఆకు కత్తిరిస్తోంది.

"ఏమాయె తమ్మీ? పాస్ అచ్చిందా?"

"రాలే అక్కా."

కత్తెర ఆగింది. "మల్ల తాగిండా?"

ఎదురుగా ఇస్తారి తల పైకీ కిందికీ ఊపుతున్నాడు. అవునని చెప్పు, అవునని చెప్పు అని కళ్లతోనే బతిమాలుతున్నాడు. భూమేశ్ చూపు తిప్పుకున్నాడు.

"లే అక్కా. ఒక్క బీడీ గూడ ముట్టలే. నువ్వు పంపిన కట్ట విప్పకుంట మెత్త కింద వెట్టుకున్నడు. మిషిన్ నేనే ఏరి తెచ్చిన. దాని వోల్టు నేనే వెట్టి టేప్ చుట్టిన. నా మాట ఇని గదే పీల్చుకుంట గొంతు మాడగొట్టుకున్నడు. తప్పు నాది."

ఫోన్ తెగిందేమోనని భూమేశ్ చెవినుంచి తీసి చూశాడు. తెగలేదు. ఇస్తారి గోడవైపు తిరిగి కూర్చున్నాడు.

"కట్ట విప్పనే లేదా?" అంది చిన్నవ్వ చివరికి.

"విప్పలే."

"ముప్పై ఏండ్లు చుట్టి చుట్టి పంపినదాన్ని నేనుండంగ, ఆరు వారాల మిషిన్ మీద పెడ్తున్నవా తమ్మీ తప్పు?" కత్తెరను చాటలో పడేసిన చప్పుడైంది. "పాస్ లేదు ఏం లేదు. మనిషిని పంపియ్యి నాకు."

ఫోన్ పెట్టేసింది. కాసేపటికి ఇస్తారి గోడవైపునుంచే అడిగాడు. "ఏమన్నది?"

"రమ్మన్నది."

"నువ్వు సలాలా పోతవు మరి. వంట ఎవలు చేస్తరు?"

భూమేశ్ వేప్‌ను ఒళ్లో పెట్టుకుని టేపు అంచు కోసం గోరుతో గీకాడు. చుట్టినవాడే విప్పాలి. ఆరు వారాల ఎండకు జిగురు కరిగి గట్టిపడింది. ముక్కలు ముక్కలుగా ఊడి వస్తోంది. ఇస్తారి లేచి బామ్మర్ది పక్కన కూర్చున్నాడు గానీ, సాయం పట్టడానికి చేయి చాచలేదు. ఆఖరి ముక్క ఊడేదాకా అలాగే చూస్తూ కూర్చున్నాడు.